మళ్ళీ అడగడానికి మొహం ఉండాలి

పోయిన నెలలో ఒకే పిల్లవాడి గురించి నాకు రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిదానిలో ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్న ఫోటో, దాని కింద ‘ఇంకా 48 గంటలే’ అని ఎర్ర అక్షరాలు. డబ్బు పంపాను. పంపేటప్పుడు చూస్తే, నేను వేసిన మొత్తానికి ఆ వెబ్‌సైటు తన ఖర్చుల కోసమంటూ కొంత శాతం ముందే కలిపేసి ఉంది. వద్దనుకుంటే ఎక్కడ నొక్కాలో వెతుక్కోవాలి. కొన్ని వారాల తరవాత రెండో మెసేజ్ వచ్చింది. అదే ఫోటో, అవే 48 గంటలు. పిల్లవాడికి ఎలా ఉంది, మొదటి గడువు దాటాక ఏమైంది, అప్పుడు పోగైన డబ్బు ఆసుపత్రికి చేరిందా లేదా, ఒక్క ముక్క లేదు.

రెండోసారి నేను పంపలేదు. ఆ పిల్లవాడు నిజంగానే ఉన్నాడనీ, జబ్బు నిజమేననీ నా నమ్మకం. అందుకే ఈ సంగతి నన్ను వదలడం లేదు. అవసరం నిజమైనదే అయినా, అడిగిన తీరు చూసి నాలాగా వెనక్కి తగ్గినవాళ్ళు ఎంతమంది ఉంటారో.

విరాళాల అప్పీలు ఎలా రాయాలో చెప్పే సలహాలకు కొదవ లేదు. ఒక్కరి కథే చెప్పండి, మొహం దగ్గరగా చూపించండి, గడువు పెట్టండి, బటన్ పెద్దది చెయ్యండి. ఇవన్నీ పనిచేస్తాయి. అయితే పనిచేయడమంటే ఏమిటన్న దగ్గరే నాకు పేచీ. ఈ సలహాలన్నిటికీ కొలత ఒకటే: మెసేజ్ వెళ్ళిన రోజు ఎంత వచ్చింది అని.

నేను వాలంటీరుగా అప్పీళ్ళు రాసిపెట్టే సంస్థ చాలా చిన్నది. ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళకి వీల్‌చైర్లు, ఆసుపత్రి మంచాలు, ఆక్సిజన్ మిషన్లు వాడుకోవడానికి ఇస్తాం. అవసరం తీరాక వెనక్కి తెచ్చుకుని, బాగుచేసి, ఇంకో ఇంటికి పంపుతాం. మాకు డబ్బు ఒక్కసారి వస్తే సరిపోదు. ఏటా కావాలి, అదీ చాలావరకు అదే మనుషుల దగ్గర్నుంచి రావాలి. అందుకని నా కొలత వేరు. మొదటిసారి ఎలా అడిగామంటే, రెండోసారి అడగడానికి మనకు మొహం మిగిలి ఉండాలి. అది మిగల్చని అప్పీలు ఆ రోజుకి ఎంత తెచ్చినా దాన్ని మంచి అప్పీలు అనలేను.

ఒక్కరి కథతో వచ్చే చిక్కు

డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధన గురించి ఈ పనిలో ఉన్నవాళ్ళలో విననివాళ్ళు ఉండరు. ఒక సర్వే పూర్తి చేసినవాళ్ళకి 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలితో ఉన్నవాళ్ళకి ఎంతో కొంత ఇవ్వమని అడిగారు. కొందరికి మాలి దేశానికి చెందిన ఏడేళ్ళ రోకియా గురించి చెప్పారు. కొందరికి లక్షల మంది ఆకలి లెక్కలు చెప్పారు. రోకియా గురించి చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇస్తే, లెక్కలు చదివినవాళ్ళు 1.14 ఇచ్చారు. రెండూ కలిపి చూపించినప్పుడు 1.43కి పడిపోయింది.

దీని మీద ఆధారపడే ‘లెక్కలు పక్కన పెట్టండి, మొహం చూపించండి’ అనే సలహా పుట్టింది. కానీ ఆ పరిశోధనలో ఇంకో భాగం కూడా ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మనుషులు లెక్కల కంటే ఒక్క మనిషి కథకే ఎక్కువగా కరుగుతారన్న సంగతిని ముందే వివరించి, తరవాత డబ్బు అడిగారు. అప్పుడు రోకియాకి ఇచ్చేది తగ్గింది. లెక్కలు చదివి ఇచ్చేది మాత్రం పెరగలేదు. అంటే కథ చూసి పుట్టిన జాలి, కాస్త నిదానంగా ఆలోచించేసరికి సన్నగిల్లింది. దాని స్థానంలో ఇంకేదీ రాలేదు. ఆ ప్రయోగం ఒక్క పూట వ్యవహారం కాబట్టి వాళ్ళకి అక్కడితో సరిపోయింది. మా దాతలకి మాత్రం ఆలోచించుకోవడానికి ఏడాది టైముంటుంది.

ఒక్కరి కథ చెప్పకూడదని నేను అనడం లేదు. నేనూ అలాంటి కథలు చదివే కరుగుతాను. చిక్కల్లా ఏమిటంటే, కథ ఒకరిది, డబ్బు అవసరం ఇంకోచోట. ఒక పెద్దాయన వీల్‌చైర్లో కూర్చుని నవ్వుతున్న ఫోటో పెట్టి ‘ఈయనకి సాయం చెయ్యండి’ అని రాస్తే డబ్బు వస్తుంది. కానీ ఆయనకి వీల్‌చైర్ అందేసిందిగా! ఇప్పుడు మాకు డబ్బు కావలసింది సామాను పెట్టుకునే గది అద్దెకి, దింపే వ్యాను ఖర్చుకి, అన్నిటికంటే ముఖ్యంగా రిపేరు చేసే మనిషి జీతానికి. క్రౌడ్‌ఫండింగ్ సైట్లకీ ఇలాంటి తలనొప్పి వచ్చింది. కీవా అనే సూక్ష్మరుణాల సైటు 2005లో మొదలైంది. అక్కడ ఒక చిన్న వ్యాపారి ఫోటో, కథ చూసి జనం అప్పు ఇస్తారు. తీరా చాలా సందర్భాల్లో ఆ వ్యాపారికి స్థానిక సంస్థ అప్పటికే అప్పు ఇచ్చేసి ఉంటుందని 2009లో బయట పెద్ద చర్చ జరిగింది. డబ్బు చివరికి మంచి పనికే వెళ్తోంది. అయినా నేరుగా ఆ మనిషి చేతికే ఇస్తున్నాం అనుకున్నవాళ్ళకి మనసు కష్టపడింది. సైటు ఆ తరవాత తన వివరణ మార్చుకోవాల్సి వచ్చింది.

మరి రిపేరు మనిషి జీతం అడిగేది ఎలా? ఇది మా గ్రూపులో చాలాసార్లు నలిగిన ప్రశ్న. ఒకరోజు నేను రిపేరు గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. తిరిగొచ్చిన వీల్‌చైర్ని ఆయన బోర్లా తిప్పి, ముందరి చిన్న చక్రాన్ని వేలితో తిప్పి చూపించారు. సగం తిరిగి ఆగిపోయింది. ఇరుసు చుట్టూ తలవెంట్రుకలు, దారప్పోగులు, దుప్పటి పీచు గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి. “చూడండి, బండి పాడైందని పంపించారు. బండికి ఏమీ కాలేదు. దీన్ని ఎవరూ తియ్యరు, అందుకే కదలదు” అన్నారు. బ్లేడుతో ఒక్కో పోగూ కోసి, చిమటతో లాగి, నూనె చుక్క వేసి మళ్ళీ తిప్పారు. చక్రం ఆగకుండా తిరిగింది. ఆ తరవాత బ్రేకు మీట బిగించి, కాళ్ళు పెట్టుకునే పలకకి ఊడిన స్క్రూ వేశారు.

ఆ సంవత్సరం అప్పీలు ఆ చక్రం మీదే రాశాను. ఇరుసు ఫోటో ఒకటి, శుభ్రం చేశాక ఇంకొకటి. ఈ పని చేసే మనిషికి ఇచ్చే జీతం కోసమే అడుగుతున్నామని మొదటి పేరాలోనే చెప్పాను. ఏడ్చే మొహం లేదు, గడువు లేదు. మొదటి వారంలో వచ్చిన డబ్బు అంతకుముందు ఫోటో అప్పీలుకి వచ్చినదానికంటే తక్కువే, అందులో దాపరికం లేదు. కానీ ఆ ఉత్తరానికి జవాబులు వచ్చాయి. ‘మా ఇంట్లో నాన్న వాడిన కుర్చీ ఉంది, చక్రం ఇలాగే అయింది, ఎలా తియ్యాలి’ అని అడిగారు ఒకరు. నెలనెలా కొంత కట్టేవాళ్ళలో చాలామంది ఆ ఉత్తరం తరవాత చేరినవాళ్ళే. ఇది ప్రయోగం కాదు, దీని ఆధారంగా సూత్రం తయారు చెయ్యలేను. జాలి పడేలా రాస్తేనే డబ్బు వస్తుందన్న మాటని మాత్రం ఇంక నేను ఒప్పుకోను.

ఫోటోలోని మనిషి ఫోన్లో కూడా ఆ మెసేజ్ పడుతుంది

పాతకాలంలో అప్పీళ్ళు ఒక దేశంలో ఫోటో తీసి ఇంకో దేశంలో అచ్చేసేవి. ఫోటోలో ఉన్నవాళ్ళకి అది కనిపించే అవకాశం లేదు. ఇప్పుడు ఆ అడ్డు పోయింది. ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరిగి తిరిగి, ఆ మనిషి పిల్లల బడి స్నేహితుల దాకా చేరుతుంది. యూరప్‌లోని అభివృద్ధి సంస్థలు 2006లోనే ఫోటోలు, సందేశాల గురించి ఒక నియమావళి రాసుకున్నాయి. మనిషి గౌరవం కాపాడాలనీ, విషయం పూర్తిగా అర్థమయ్యాక ఒప్పుకుంటేనే ఫోటో వాడాలనీ దాని సారం. 2012లో నార్వే విద్యార్థుల సంస్థ ఒకటి ఒక వ్యంగ్య వీడియో చేసింది. చలికి వణుకుతున్న నార్వే ప్రజల కోసం ఆఫ్రికా యువత గది వెచ్చబెట్టే హీటర్లు పోగుచేస్తున్నట్టు చూపించారు. ఒక దేశం మొత్తాన్ని జాలి చూపుతో చూస్తే లోపల ఉన్నవాళ్ళకి ఎలా అనిపిస్తుందో అది చూసినవాళ్ళకి వెంటనే తట్టింది.

మాకు ఈ సంగతి ఒకావిడ చెప్పారు. వాళ్ళ అమ్మగారికి మంచం, గాలి పరుపు ఇచ్చాం. ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, “తీసుకోండి. కానీ నిరుపేద అనీ, దిక్కులేనిది అనీ రాయకండి. అమ్మ ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చూస్తారు” అన్నారు. ఏం రాయమంటారని అడిగాను. “పక్కకి తిప్పడానికి ఇదివరకు ఇద్దరు కావాలి, ఇప్పుడు నేనొక్కదాన్నే తిప్పగలుగుతున్నాను, అది రాయండి” అన్నారు.

అదే రాశాం. అది రాసేదాకా నాకు తట్టనిది ఒకటుంది. ఆసుపత్రి మంచం ఎందుకు అవసరమో చెప్పడానికి అంతకంటే మంచి వాక్యం ఉండదు. పేదరికం గురించి రాస్తే చదివేవాళ్ళకి పేదరికం కనిపిస్తుంది. తల ఎత్తుకునే మీట, పక్కన కటకటాలు ఉన్న మంచం ఒక మనిషి నడుముని ఎలా కాపాడుతుందో రాస్తే, డబ్బు దేనికో తెలుస్తుంది.

దీనికి ఎదురు వాదన బలమైనదే, దాన్ని తోసిపుచ్చలేను. బాధని అందంగా చుట్టి చూపించడం కూడా అబద్ధమే అంటారు. ఆకలి, యుద్ధం, కాలిన గాయాలు ఉన్నచోట నవ్వే మొహాలు వెతికి పెట్టడం ఇచ్చేవాళ్ళ మనసు నొప్పించకుండా చూసుకోవడమే అవుతుంది. నిజమే. కొన్ని ఫోటోలు ప్రపంచాన్ని కదిలించింది అవి భరించలేనివి కాబట్టే. నేను గీసుకునే గీత బాధ చూపించాలా వద్దా అన్నది కాదు. ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఈ అప్పీలుని గొంతెత్తి చదవగలనా? చదవగలిగితే బాధ ఎంతైనా రాయొచ్చు. చదువుతుంటే నా తల దించుకోవాల్సి వస్తే, అందులో ఏదో తేడా ఉంది. స్పృహలో లేనివాళ్ళ విషయంలో, పసిపిల్లల విషయంలో ఈ గీత కూడా సరిగ్గా పనికిరాదు. పిల్లల తరఫున తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, అదీ ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకుని. అలాంటి ఒప్పుకోలుని ఎంతవరకు ఒప్పుకోలు అనాలో నాకు తేలలేదు. మేమైతే పిల్లల మొహాలు పెట్టడం మానేశాం.

గడువు, రెట్టింపు, మొహమాటం

ప్రతి రూపాయికీ ఇంకో రూపాయి కలుపుతాం అని ఒక పెద్ద దాత ముందుకొస్తే, ఆ సంగతి అప్పీల్లో చెప్పడం మామూలే. డీన్ కార్లాన్, జాన్ లిస్ట్ అమెరికాలో ఒక సంస్థకి అంతకుముందు ఇచ్చిన 50,000 మందికి పైగా దాతలకి ఉత్తరాలు పంపి దీన్ని పరీక్షించారు. 2007లో అది అచ్చయింది. కలుపుతామని చెప్పినప్పుడు ఒక్కో ఉత్తరానికి వచ్చిన డబ్బు 19 శాతం పెరిగింది, ఇచ్చేవాళ్ళ సంఖ్య 22 శాతం పెరిగింది. ఒకటికి ఒకటి కాకుండా రెండు, మూడు కలుపుతామన్నా అంతకు మించి పెరగలేదు. కాబట్టి ‘మీ డబ్బు అయిదింతలు’ అని ఊదరగొట్టే మెసేజ్‌లు ఆ ఊదర లేకుండానే అంతే డబ్బు తెచ్చుకునేవేమో.

నా అభ్యంతరం ఇంకోటి. చాలాసార్లు ఆ పెద్ద దాత మనం ఇచ్చినా ఇవ్వకపోయినా తన డబ్బు ఇచ్చేవాడే. అప్పుడు ‘మీ వల్ల రెట్టింపు అవుతుంది’ అన్న మాట నిజం కాదు. అలాంటి మాట రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: అనుకున్న మొత్తం పోగవకపోతే ఆయన డబ్బు నిజంగా వెనక్కి పోతుందా? పోదంటే, ‘ఆయన ఇంత ఇచ్చారు, మీరూ కలవండి’ అని రాస్తే సరిపోతుంది. అది కూడా పనిచేస్తుంది, పైగా నిజం.

గడువుల విషయమూ అంతే. నిజమైన గడువులు ఉంటాయి. ఆపరేషన్ తారీఖు ఉంటుంది, అద్దె కట్టాల్సిన రోజు ఉంటుంది, వరదల్లో చిక్కుకున్నవాళ్ళకి ప్రతి గంటా గడువే. అలాంటివి రాయకపోవడమే తప్పు. 2010లో హైతీ భూకంపం తరవాత అమెరికన్ రెడ్‌క్రాస్‌కి ఒక్కొక్కటీ 10 డాలర్ల చొప్పున ఫోన్ మెసేజ్‌ల ద్వారానే 3 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అక్కడ తొందర నిజం, తొందరగా ఇవ్వగలిగే దారీ ఉంది. ఎవరినీ మోసం చెయ్యాల్సిన పని పడలేదు.

తయారుచేసిన తొందర వేరు, దాన్ని నేను మొహమాట పెట్టడం కిందే లెక్కేస్తాను. స్టెఫానో డెల్లావిన్యా, జాన్ లిస్ట్, ఉల్రికే మాల్మెండియర్ 2012లో ప్రచురించిన ప్రయోగం ఇంటింటికీ తిరిగి చందా అడగడం మీద. ఫలానా టైముకి చందా కోసం వస్తామని కొన్ని ఇళ్ళకి ముందురోజు చీటీ పెట్టారు. కొన్ని చీటీల మీద ‘నా దగ్గరికి రావద్దు’ అని టిక్కు పెట్టే గడి కూడా ఇచ్చారు. చీటీ పెట్టిన ఇళ్ళలో తలుపు తీసేవాళ్ళు 9 నుంచి 25 శాతం దాకా తగ్గారు. టిక్కు పెట్టే వీలు ఉన్నచోట ఇచ్చేవాళ్ళు 28 నుంచి 42 శాతం దాకా తగ్గారు. అంటే ఎదురుగా నిలబడితే కాదనలేక ఇచ్చేవాళ్ళు తక్కువేం కాదు. తప్పించుకునే దారి చూపిస్తే చాలా మంది తప్పుకుంటారు.

ఆన్‌లైన్లో తలుపు ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. మ్యూట్, బ్లాక్, అన్‌సబ్‌స్క్రైబ్ అన్నీ ఒక్క నొక్కు దూరం. మొహమాట పెట్టి తీసుకున్న డబ్బుకి ఖరీదు తరవాత ఈ రూపంలో కట్టాలి. అయితే ఆ ఖరీదు కనిపించదు. వచ్చిన విరాళం ఎక్సెల్ షీట్లో పడుతుంది, బ్లాక్ చేసినవాళ్ళ లెక్క ఎక్కడా పడదు. అందుకే మీటింగుల్లో ఒత్తిడి పెంచమనేవాళ్ళ వాదన ఎప్పుడూ గెలుస్తుంది. వాళ్ళ చేతిలో అంకె ఉంటుంది.

గడిలో మొత్తాన్ని ముందే నింపి ఉంచడం గురించి జర్మనీలో ఒక పెద్ద విరాళాల సైటు మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. విరాళం మొత్తాన్ని ముందే నింపి ఉంచితే చాలామంది అదే మొత్తం ఇచ్చారు. కానీ కొందరు మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువ, కొందరు తక్కువ ఇవ్వడంతో సంస్థలకి చేరిన మొత్తంలో తేడా రాలేదు. సైటు నిర్వహణ కోసం అడిగే అదనపు మొత్తాన్ని పెంచి నింపినప్పుడు మాత్రం సైటుకి వచ్చేది స్పష్టంగా పెరిగింది. ఆ గడి ఎవరి కోసం నింపి ఉంటుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. సైట్లు నడవాలంటే డబ్బు కావాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అడిగితే ఇస్తాం. గడిని సున్నా దగ్గర ఉంచి అడగాలి.

ఆఫీసు ఖర్చుల గోల

ఇక్కడ నాకే ఒక తీర్మానం లేదు. యూరి గ్నీజీ, ఎలిజబెత్ కీనన్, అయెలెట్ గ్నీజీ 2014లో ప్రచురించిన ప్రయోగంలో 40,000 మందిని నాలుగు గుంపులుగా చేసి విరాళం అడిగారు. ‘నిర్వహణ ఖర్చులన్నీ ఇప్పటికే ఒక దాత భరించారు, మీరిచ్చే ప్రతి పైసా నేరుగా పనికే వెళ్తుంది’ అని చెప్పిన గుంపు, ఏమీ చెప్పని గుంపు కంటే దాదాపు మూడు రెట్లు ఇచ్చింది. అదే మొత్తాన్ని రెట్టింపు చేస్తామనో, మొదటి విరాళంగా ఇచ్చారనో చెప్పినప్పుడు అంత రాలేదు. 2006లో మొదలైన ‘ఛారిటీ: వాటర్’ సంస్థ మొదటి నుంచీ ఈ దారిలోనే ఉంది. జీతాలు, ఆఫీసు అంతా వేరే దాతల డబ్బు. మామూలు జనం ఇచ్చినదంతా నీళ్ళ ప్రాజెక్టులకే.

ఇది అబద్ధం కాదు. మనుషుల మనసు తెలిసి చేసిన ఏర్పాటు. అయినా నాకు మింగుడు పడదు. జీతం ఇవ్వడం తక్కువ రకం ఖర్చు అని జనానికి మనమే నేర్పిస్తున్నాం. ఆ బ్లేడు పట్టుకుని ఇరుసు శుభ్రం చేసే మనిషి జీతం ఏ ఖాతాలో వెయ్యాలి? ఆడిటర్ దాన్ని ఒకచోట వేస్తారు, ఇంకో ఆడిటర్ ఇంకోచోట వేస్తారు. ఆయన లేకపోతే మా వీల్‌చైర్లన్నీ ఒక గదిలో ఇనప సామానుగా పడుంటాయి. ‘మాకు ఖర్చులే లేవు’ అని ఒకసారి గొప్పగా రాశామా, మరుసటి ఏడాది ఆయన జీతం పెంచడానికి డబ్బు అడగలేం.

మా ట్రెజరర్ గారు దీనికి ఒప్పుకోరు. “ఇచ్చేవాళ్ళకి పాఠం చెప్పడం మన పని కాదండీ, ఆ ముసలావిడకి మంచం చేర్చడం మన పని. ఆ మాట రాస్తే మూడింతలు వస్తుందంటే రాద్దాం” అంటారు. ఆవిడ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రస్తుతానికి మా పేజీలో జీతాలు, అద్దె, వ్యాను, విడిభాగాలు దేనికి ఎంతో ఉన్నదున్నట్టు పెడుతున్నాం.

రసీదు తరవాత

ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలని అందరూ అంటారు. చెబితే మళ్ళీ ఇస్తారనీ అంటారు. నేనూ అలాగే నమ్మేదాన్ని. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన దీని మీద నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. అన్యా సామెక్, చక్ లాంగ్‌ఫీల్డ్ 5 లక్షలకు పైగా దాతల మీద కొన్నేళ్ళపాటు చేసిన ప్రయోగాల్లో, కొందరికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పించారు, కొందరికి చెయ్యలేదు. మరుసటి ఏడాది ఇవ్వడంలో రెండు గుంపులకీ తేడా లేదు. ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్ళు తేడా బాగా ఉంటుందని ముందుగా అంచనా వేశారు. వాళ్ళ అంచనా తప్పింది.

నా వాదనకి ఇది గట్టి దెబ్బే కదా అనిపించింది. మర్యాదగా ఉంటే మళ్ళీ ఇస్తారన్నది నా మాటలో సగం. తరవాత ఆ ఫోన్లో ఏం చెప్పి ఉంటారో ఊహించుకున్నాను. మీ విరాళానికి ధన్యవాదాలు, మీలాంటి వాళ్ళ వల్లే మేం పనిచేయగలుగుతున్నాం. మర్యాదైన మాటలే, కానీ అందులో కొత్త సంగతి ఏముంది? నాకు ఆ పిల్లవాడి గురించి కావలసింది థాంక్స్ కాదు, కబురు. ఆపరేషన్ అయిందా, వాయిదా పడిందా, డబ్బు మిగిలిందా, చాలలేదా. ఒకవేళ ఆ పిల్లవాడు దక్కకపోయినా, ఆ మాట చెబితే తట్టుకోలేని మనిషిని కాను. కబురు పంపితే దాతలు నిలుస్తారని రుజువు చేసే ప్రయోగం నా దగ్గర లేదు. ఇది నా నమ్మకం. కానీ నాకు తెలిసి ఎక్కువ కాలం ఇస్తూ వచ్చినవాళ్ళని అడిగితే, వాళ్ళు చెప్పేది ఏదో ఒక కబురు గురించే.

కబురు పంపడంలో అన్నిటికంటే ధైర్యం చూపించింది డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచీ డబ్బు వెల్లువెత్తుతుండగా, కొద్ది రోజులకే ఆ సంస్థ ‘సునామీ పనికి మేం ఖర్చు పెట్టగలిగినంత వచ్చేసింది, ఇంక దానికోసం పంపకండి’ అని ప్రకటించింది. అప్పటికే ఇచ్చినవాళ్ళకి రాసి, మిగిలినది వేరే ఆపదలకి వాడుకోవచ్చా అని అనుమతి అడిగింది. చాలా ఎక్కువ మంది సరేనన్నారు. మిగతా సంస్థలు కొన్ని ఆ ప్రకటనకి నొచ్చుకున్నాయి, ఇలా అంటే జనం మొత్తానికే ఇవ్వడం మానేస్తారని భయపడ్డాయి. ఆ భయమూ తీసిపారేయదగ్గది కాదు. కానీ ‘చాలు’ అని చెప్పిన నోటితో మళ్ళీ ‘కావాలి’ అంటే ఎవరు నమ్మరు? నేను ఎన్నో అప్పీళ్ళు చదివాను, వాటిలో ‘చాలు’ అన్న మాట కనిపించినవి చాలా అరుదు.

2014లో బకెట్ నీళ్ళు నెత్తిన కుమ్మరించుకునే వీడియోలతో అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఏఎల్‌ఎస్ అంటే నరాలు దెబ్బతిని కండరాలు మెల్లగా చచ్చుబడిపోయే జబ్బు. అంత డబ్బు రావడం అదృష్టం అనుకోవాలి, ఎవరూ ప్లాన్ చేసి తెచ్చింది కాదు. నాకు అందులో నచ్చింది ఆ తరవాతది. ఆ డబ్బుతో జరిగిన పరిశోధనలో భాగంగా ఎన్‌ఈకే1 అనే జన్యువుకీ ఆ జబ్బుకీ ఉన్న సంబంధం తేలిందని 2016లో చెప్పగలిగారు. నీళ్ళు పోసుకున్న ఒక కుర్రవాడికి రెండేళ్ళ తరవాత ఆ కబురు అందింది. చిన్న సంస్థలు జన్యువులు కనుక్కోలేవు. ‘మీరిచ్చినదాంతో ఈ నెల నాలుగు మిషన్లకి ఫిల్టర్లు మార్చాం, ఒకటి ఇక పనికిరాదని పక్కన పెట్టాం’ అని మాత్రం రాయగలవు.

ఆ చివరి ముక్క దగ్గరే మా గ్రూపులో ఈమధ్య గట్టి వాదన జరిగింది. దాతలు కొనిచ్చిన ఆక్సిజన్ మిషన్ ఒకటి, గ్యారంటీ దాటిన కొద్ది నెలలకే పూర్తిగా ఆగిపోయింది. లోపల కంప్రెసర్ పోయింది, మార్చాలంటే కొత్తదానికయ్యే ఖర్చులో చాలా భాగం అవుతుంది. ఇది నెల ఉత్తరంలో రాయాలా? రాస్తే సరిగ్గా చూసుకోలేదనుకుంటారని కొందరు భయపడ్డారు. రాయాలని నేను పట్టుబట్టాను. ట్రెజరర్ గారు ఈసారి నా పక్షాన ఉన్నారు, కొనిచ్చినవాళ్ళ మిషన్ కదా, పోయిన సంగతి వాళ్ళకి తెలియాలి అన్నారు. ఫోటోతో సహా రాశాం. కంప్రెసర్ ఎందుకు పోయిందో రిపేరు చేసే ఆయన చెప్పినట్టే రెండు వాక్యాలు పెట్టాం: గాలి వడగట్టే ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి, మిషన్ వేడెక్కింది. ఇకమీదట మిషన్ ఇచ్చేటప్పుడే ఫిల్టరు కడగడం ఇంట్లోవాళ్ళకి చేసి చూపిస్తామని కూడా రాశాం.

ఒకరు నెల చందా ఆపేశారు, కారణం చెప్పలేదు. ఇంకొకరు ఫిల్టరు కడిగే పద్ధతి బొమ్మలతో ఒక కాగితం మీద వేసి పంపిస్తే మిషన్‌కి అంటించవచ్చు కదా, నేను గీసి పెడతాను అని రాశారు. మిగతావాళ్ళు ఏమనుకున్నారో ఇంకా తెలీదు. వచ్చే నెల వాళ్ళనే కొత్త మిషన్ కోసం అడగబోతున్నాం. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసు గోడ మీద ఉంది, చివరి బొమ్మలో ఫిల్టరుని ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలని బాణం గుర్తు వేసి ఉంది.